థ్రాటిల్ బాడీల సింక్ ఇంట్లోనే: స్క్రూ తిప్పేది పది నిమిషాలే, అసలు పని అంతకుముందే

బండి స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో వదిలితే సైడ్ మిర్రర్‌లో వెనక గోడ వణుకుతూ కనిపిస్తుంది. క్లచ్ వైపు నుంచి గలగలమని చప్పుడు వస్తుంది. లివర్ నొక్కితే తగ్గుతుంది, వదిలితే మళ్లీ మొదలు. రెండో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ కాస్త తిప్పితే చాలు, కుదుపు. స్పీడు అందుకున్నాక మాత్రం ఏ గొడవా ఉండదు. రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఇవన్నీ కలిసి కనిపిస్తే థ్రాటిల్ బాడీల (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగాల) సింక్, అంటే సిలిండర్లన్నిటికీ గాలి సమంగా అందడం, తప్పిందేమోనని అనుమానించాలి.

అనుమానించాలన్నానంతే, స్క్రూడ్రైవర్ తీయమనలేదు. సింక్ అన్నది సర్వీసులో ఆఖరి పని. దాన్ని మొదట పెట్టుకున్నవాళ్లు వేరే రోగాన్ని స్క్రూలతో కప్పిపెడతారు. నేనూ ఒకప్పుడు ఆ గుంపులోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. పగిలిన ఇన్‌టేక్ రబ్బరు ఒకటి నా కంట పడకుండా నాలుగు నెలలు దాక్కుంది. ఆ నాలుగు నెలల్లో మూడుసార్లు సింక్ చేశాను.

అసలు దేన్ని సమం చేస్తున్నాం?

ప్రతి సిలిండర్‌కీ విడిగా ఒక థ్రాటిల్ బాడీ, అందులో గుండ్రటి బటర్‌ఫ్లై ప్లేటు ఉంటాయి. ఐడ్లింగ్‌లో ఆ ప్లేటు దాదాపు మూసుకునే ఉంటుంది. గాలి వెంట్రుకవాసి సందులోంచో, పక్కనున్న సన్నటి బైపాస్ దారిలోంచో లోపలికి పోతుంది. సందే అంత చిన్నదైనప్పుడు రెండు ప్లేట్ల మధ్య ఏమాత్రం తేడా ఉన్నా, ఒక సిలిండర్‌కి అందే గాలి రెండోదానికన్నా బాగా ఎక్కువైపోతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి లాగుతుంటే ఇంకొకటి నిద్రపోతున్నట్టుంటుంది. ప్లేట్లు బాగా తెరుచుకున్నాక అదే తేడా లెక్కలోకి రాదు. అందుకే స్పీడులో బాధ తెలియదు.

గాలిని నేరుగా కొలవడం కష్టం కాబట్టి ప్లేటు తర్వాత పుట్టే వాక్యూమ్‌ను కొలుస్తాం. చాలా మల్టీ సిలిండర్ బండ్లలో ఐడ్లింగ్‌లో ఇది సుమారు 200 నుంచి 270 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది, అంటే అంత ఎత్తు పాదరసాన్ని పైకి లాగగలదన్నమాట. ఆ అంకె ఎంతన్నది అంత ముఖ్యం కాదు, సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. కొన్ని మాన్యువళ్లు 10 మిల్లీమీటర్ల లోపు ఉండాలంటాయి, కొన్ని 20 దాకా ఒప్పుకుంటాయి. మీ బండి సర్వీస్ మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క.

కేటీఎం 390 డ్యూక్ లాంటి సింగిల్ సిలిండర్ బండికి ఈ పని లేదు. ఉన్నదే ఒక్క థ్రాటిల్ బాడీ, దాన్ని దేనితో సమం చేస్తాం? హార్లీ-డేవిడ్‌సన్ పెద్ద వి-ట్విన్లలోనూ మామూలుగా రెండు సిలిండర్లకీ కలిపి ఒకటే ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్, కవాసకీ నింజా 650, ఇన్‌లైన్ ఫోర్లు, ట్రయంఫ్ మూడు సిలిండర్ల బండ్లు, బీఎండబ్ల్యూ బాక్సర్లు, ఇలాంటి వాటికే ఈ సంగతి వర్తిస్తుంది.

గేజ్ తగిలించే ముందు

మొదట వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నటి సందు. వాల్వ్ టైట్ అయితే పూర్తిగా మూసుకోదు, ఆ సిలిండర్ వాక్యూమ్ పడిపోతుంది. దాన్ని గాలి స్క్రూతో సరిచేస్తే గేజ్ మీద అంకెలు కలుస్తాయి కానీ వాల్వ్ మాత్రం కాలుతూనే ఉంటుంది. క్లియరెన్స్ చూసి మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లు దాటిపోయి ఉంటే ముందు అది చూసుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. సింక్ మాత్రం ఇంజిన్ బాగా వేడెక్కాక చేసేది. కాబట్టి రెండు పనులూ ఒకే పూట ముగిద్దామనుకోకండి.

తర్వాత గాలి లీకులు. థ్రాటిల్ బాడీకీ ఇంజిన్ హెడ్‌కీ మధ్య ఉండే రబ్బర్లను వేళ్లతో వంచి చూడండి. పైకి నున్నగా కనిపించిన రబ్బరు కింది వైపు, క్లాంప్ అంచు దగ్గర చీలి ఉంటుంది. నాది అక్కడే చీలింది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి స్ప్రే బాటిల్‌తో ఆ రబ్బర్ల చుట్టూ సన్నగా నీళ్లు చల్లితే, లీకున్న చోట ఐడ్లింగ్ ఒక్క క్షణం మారుతుంది. కొందరు కార్బ్ క్లీనర్ చల్లుతారు. దానికి మంట అంటుకుంటుంది, వేడి ఇంజిన్ మీద ఆ సాహసం వద్దు.

ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గుల గురించి కొత్తగా చెప్పేదేం లేదు, బాగుండాలి. యాక్సిలరేటర్ కేబుల్‌కి మాన్యువల్ చెప్పినంత ప్లే (వదులు) ఉందా, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పితే ఐడ్లింగ్ పెరుగుతోందా చూడండి. పెరుగుతుంటే కేబుల్ లాగుతోందన్నమాట. అది సరిచేయకుండా కొలిచిన కొలత ఎందుకూ పనికిరాదు.

బటర్‌ఫ్లై అంచుల మీద నల్లటి మసి పేరుకుంటే అదే ఐడ్లింగ్ గాలిని అడ్డుకుంటుంది. శుభ్రం చేశాక సింక్ దానంతటదే దారికి వచ్చిన సందర్భాలున్నాయి. అయితే కొన్ని థ్రాటిల్ బాడీల లోపల కంపెనీ వేసిన సన్నటి పూత ఉంటుంది, క్లీనర్ దాన్ని తినేస్తుంది. మాన్యువల్ వద్దంటే మానేయండి.

తక్కెడ ఏది?

నాలుగు డయళ్ల వాక్యూమ్ గేజ్ సెట్ అందరికీ తెలిసిందే. డిజిటల్ మీటర్లూ ఉన్నాయి. పాత రోజుల పాదరసం గొట్టాలు ఎక్కడైనా దొరికినా ముట్టుకోకండి, పాదరసం విషం.

డయల్ గేజ్ కొన్నవాళ్లు మొదట చేయాల్సింది గేజ్‌నే పరీక్షించడం. నాలుగు పైపులనూ టీ-జాయింట్లతో కలిపి ఒకే సిలిండర్ నిపుల్‌కి (వాక్యూమ్ కొలవడానికి ఉండే చిన్న గొట్టం మొనకి) తగిలించండి. అన్నీ ఒకే వాక్యూమ్ చూస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకే అంకె చూపాలి. చూపవు. ఒకటి 5 ఎక్కువ, ఒకటి 8 తక్కువ చూపుతుంది. ఆ తేడాలను టేపు ముక్క మీద రాసి డయల్‌కి అంటించండి. 10 మిల్లీమీటర్ల తేడా వెతికేవాడి గేజే 8 తప్పు చూపుతుంటే ఇక సింక్ చేసి లాభమేంటి?

డయళ్లకి ఇంకో గుణం ఉంది. 1200 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 10 సార్లు గాలి పీలుస్తుంది, ప్రతి పీల్పుకీ ముల్లు గిలగిలా కొట్టుకుంటుంది. అందుకే పైపు మధ్యలో సన్నటి రంధ్రమున్న రిస్ట్రిక్టర్ గానీ, పైపును నొక్కే చిన్న వాల్వ్ గానీ ఇస్తారు. ముల్లు కొద్దిగా వణుకుతూ ఉండేంత వరకే బిగించండి. రాయిలా నిలబడిపోయిందంటే ఎక్కువ బిగించారు, ఇక అది మార్పును వెంటనే చూపదు.

రెండు సిలిండర్ల బండికైతే నా ఓటు ఇంట్లో చేసుకునే నూనె గొట్టానికి. లోపలి వెడల్పు 4 లేదా 5 మిల్లీమీటర్లున్న పారదర్శక గొట్టం ఓ 4 మీటర్లు, ఒక పొడుగాటి చెక్క, కొంచెం టూ-స్ట్రోక్ ఆయిల్ ఉంటే చాలు. గొట్టాన్ని చెక్క మీద యూ ఆకారంలో, ఒక్కో కాలు మీటరు ఎత్తు ఉండేలా బిగించి, సగం ఎత్తు వరకు నూనె నింపాలి. రెండు చివరలూ రెండు నిపుల్స్‌కి పోతాయి. దీన్ని పరీక్షించాల్సిన పనే లేదు, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు రెండు కాళ్లలోనూ నూనె సమంగా నిలబడి తీరుతుంది. పాదరసం నూనెకన్నా దాదాపు 15 రెట్లు బరువు. కాబట్టి పాదరసంలో 10 మిల్లీమీటర్ల తేడా ఇక్కడ 15 సెంటీమీటర్ల పైనే కనిపిస్తుంది. డయల్ మీద కళ్లు చికిలించి వెతికే తేడా ఇక్కడ జానెడు ఉంటుంది.

ప్రమాదమూ ఆ సున్నితత్వంలోనే ఉంది. ఒక చివర ఊడిపోతే రెండో సిలిండర్ మొత్తం నూనెను గుటుక్కున మింగేస్తుంది, ఎందుకంటే ఐడ్లింగ్ వాక్యూమ్ 3 నుంచి 4 మీటర్ల నూనెను పైకి లాగగలదు. 5 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరు నూనె అంటే 20 మిల్లీలీటర్లు. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు కొన్ని పదుల మిల్లీలీటర్లే అని గుర్తుంచుకుంటే అది చిన్న మొత్తం కాదు. అందుకే రెండు వైపులా గొట్టం మధ్యలో గట్టి మూతున్న చిన్న గాజు సీసా ఒకటి పెట్టండి. నూనె వస్తే సీసాలో ఆగిపోతుంది. పల్చటి ప్లాస్టిక్ సీసా వద్దు, వాక్యూమ్‌కి నలిగిపోతుంది.

స్క్రూలను గుర్తుపట్టడం

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. థ్రాటిల్ బాడీల మీద స్క్రూలు చాలా ఉంటాయి, మనకి కావాల్సినవి కొన్నే.

బైపాస్ గాలి స్క్రూలు ఒక్కో థ్రాటిల్ బాడీకి ఒక్కొక్కటి ఉంటాయి. వదులు చేస్తే బటర్‌ఫ్లై పక్క దారిలో గాలి ఎక్కువ పోతుంది. చాలా బండ్లలో మామూలు సింక్ వీటితోనే. హోండా కొన్ని బండ్లలో ఇదే పని స్టార్టర్ వాల్వులతో చేయించింది. ఇక బటర్‌ఫ్లైల ఇరుసులను కలిపే లింకు మీద ఉండే స్క్రూలు వేరు. అవి ప్లేటు కోణాన్నే మార్చేస్తాయి. కొన్ని బండ్లలో వాటిని సర్దడం మాన్యువల్‌లోనే ఉంటుంది, చాలా బండ్లలో ఫ్యాక్టరీలో సెట్ చేసి రంగు చుక్క పెట్టి వదిలేస్తారు. రంగున్న స్క్రూ కనిపిస్తే దాని జోలికి పోకండి. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ను పట్టి ఉంచే స్క్రూలు కూడా పక్కనే ఉంటాయి, అవీ వద్దు.

కొన్ని ఇంజిన్లలో ఒక సిలిండర్‌ను బేస్ అని నిర్ణయిస్తారు. దాన్ని తిప్పకూడదు, మిగతావాటినే దానికి సరిపెట్టాలి. ఏది బేస్ అన్నది మాన్యువల్ చూడకుండా ఊహించకండి.

ఏ స్క్రూనైనా తిప్పేముందు దాని ఇప్పటి స్థానాన్ని రాసుకోండి. చేత్తో మెల్లగా, అడుగు తగిలే వరకు బిగిస్తూ ఎన్ని తిప్పులు పోయిందో లెక్కపెట్టి, మళ్లీ అన్నే తిప్పులు వెనక్కి తేవాలి. అడుగు తగిలాక బలం పెట్టకండి, స్క్రూ మొన అరిగితే ఇక సర్దుబాటు నిలవదు. "1వది: ఒకటిన్నర, 2వది: ముప్పావు" అని కాగితం మీద ఉంటే పని చెడినా మొదటికి తిరిగి రావచ్చు.

తగిలించడం, వేడి చేయడం

ట్యాంక్ పైకి లేపి ఊతం పెట్టండి. ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి పైపూ, వైర్లూ తగిలించే ఉంచాలి. ఆ పైపులో సుమారు 3 బార్ ప్రెషర్‌తో పెట్రోల్ ఉంటుంది, మెలిక పడకుండా చూడండి. నిపుల్స్ అందకపోతే ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ ఉండే పెట్టె) తీసి, పొడుగు పైపులు తగిలించి బయటికి లాగి, మళ్లీ బాక్స్ బిగించండి. మాన్యువల్ ప్రత్యేకంగా తీయమంటే తప్ప బాక్స్, ఫిల్టర్ బిగించి ఉండగానే కొలవాలి. కనెక్టర్ ఏదైనా ఊడదీసి ఉండగా కీ ఆన్ చేయకండి, చెక్ ఇంజిన్ లైట్ వెలిగి కూర్చుంటుంది.

ఆ వాక్యూమ్‌నే కొలిచే మ్యాప్ సెన్సర్ పైపులు ఆ నిపుల్స్ నుంచే పోతుంటే వాటిని పీకి గేజ్ పెట్టడం తప్పు. టీ-జాయింట్ వేసి సెన్సర్‌కీ, గేజ్‌కీ రెండింటికీ వాక్యూమ్ పోయేలా చేయాలి. లేకపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తప్పు లెక్కతో పెట్రోల్ పోస్తుంది, మీరు ఆ తప్పు ఐడ్లింగ్‌కి సింక్ చేస్తారు.

బండి స్టాండ్ మీద నిటారుగా, న్యూట్రల్‌లో ఉండాలి. గాలి ఆడే చోట, వీలైతే ఆరుబయట. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా మనిషిని పడగొడుతుంది. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో పెట్టుకోండి. కాసేపు తిప్పుకొచ్చి ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కించాకే కొలత మొదలుపెట్టాలి. రేడియేటర్ ఎదురుగా ఒక పెద్ద ఫ్యాన్ పెట్టండి, నిలబడ్డ బండికి ఎదురుగాలి ఉండదు. పది నిమిషాలకోసారి ఇంజిన్ ఆపి కాస్త చల్లారనిస్తే తొందరలో తప్పులూ తగ్గుతాయి.

తిప్పడం

ఐడ్లింగ్ మాన్యువల్ చెప్పిన చోట ఉండాలి. చాలా బండ్లకి అది 1100 నుంచి 1300 మధ్య. ఇప్పుడు గేజ్ చూడండి. మొదటిసారి అందరినీ తికమక పెట్టే విషయం ఒకటుంది. వాక్యూమ్ అంకె ఎక్కువగా ఉన్న సిలిండర్‌కి గాలి తక్కువ అందుతోంది, అంకె తక్కువగా ఉన్నదానికి ఎక్కువ అందుతోంది. మూతి బిగించిన స్ట్రా పీలిస్తే బుగ్గలు లోపలికి పోతాయి కదా, అలాగన్నమాట. అంకె ఎక్కువుంటే స్క్రూ వదులు చేయాలి, తక్కువుంటే బిగించాలి. నూనె గొట్టంలోనైతే నూనె ఎటు పైకెక్కిందో అటు స్క్రూ వదులు చేయాలి.

నాలుగు సిలిండర్ల బండిలో 228, 240, 232, 215 అని కనిపించాయనుకుందాం. మూడోది బేస్. ఎక్కువ తక్కువల మధ్య తేడా 25. మొదటిదానికి 4 తేడానే, దాన్ని వదిలేయండి. నాలుగోది అన్నిటికన్నా దూరంగా ఉంది, అక్కడ మొదలుపెట్టి పావు తిప్పు బిగించండి. దాని అంకె పెరుగుతుంది, దాంతోపాటు ఆర్‌పీఎం కాస్త పడుతుంది, మిగతా మూడు అంకెలూ కొద్దిగా కదులుతాయి. కంగారు పడకండి. ఒకసారి యాక్సిలరేటర్ తిప్పి వదలండి, ఐడ్లింగ్ స్క్రూ ఉంటే ఆర్‌పీఎంను మళ్లీ పాత చోటికి తెచ్చి, పదిహేను సెకన్లు ఆగి అప్పుడు చదవండి. ఆ పదిహేను సెకన్లు ఆగలేకే చాలామంది స్క్రూలను అటూ ఇటూ తిప్పుతూ గంట గడిపేస్తారు. తర్వాత రెండోదాన్ని కొద్దిగా వదులు చేసి, మళ్లీ అదే వరస.

కొత్త బండ్లలో ఐడ్లింగ్‌ను ఈసీయూయే చూసుకుంటుంది. మీరు గాలి పెంచితే అది తన వాల్వ్‌తో తగ్గిస్తుంది. అలాంటప్పుడు ఆర్‌పీఎం పట్టించుకోకుండా తేడా మీదే కన్ను పెట్టండి. కొన్ని మోడళ్లకి డయాగ్నస్టిక్ టూల్‌తో బండిని ఒక ప్రత్యేక మోడ్‌లో పెట్టాలి, అలా ఉంటే మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

తేడా 5 లోపలికి వచ్చాక ఆగిపోండి. సున్నా కోసం వెంటపడితే గేజ్ తప్పునే బండిలోకి ఎక్కిస్తారు.

ఐడ్లింగ్‌లో కుదిరాక మెల్లగా 3000 దాకా పెంచి పట్టుకుని మళ్లీ చూడండి. అక్కడా దగ్గరగా ఉంటే పని అయినట్టే. ఐడ్లింగ్‌లో కలిసి పైన విడిపోతే ప్లేట్ల కోణాల్లోనే తేడా ఉంది, బైపాస్ స్క్రూలు దాన్ని సరిచేయలేవు. బీఎండబ్ల్యూ ఆర్1100, ఆర్1150 లాంటి పాత బాక్సర్లలో ఇది మామూలు పనే, ఎందుకంటే రెండు వైపులకీ విడివిడి కేబుళ్లు. ఐడ్లింగ్‌ను ఇత్తడి స్క్రూలతోనూ, పైనున్న ఆర్‌పీఎంను కేబుల్ అడ్జస్టర్‌తోనూ సమం చేస్తారు. మిగతా బండ్లలో లింకు స్క్రూ దాకా వెళ్లాల్సి వస్తే మాన్యువల్ తెరిచి పెట్టుకునే చేయండి.

దారికి రాకపోతే

స్క్రూ పూర్తిగా బిగించినా ఒక సిలిండర్ అంకె కిందే ఉండిపోతే అక్కడ వేరే చోట నుంచి గాలి దూరుతోంది, లేదా వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. ఇక స్క్రూ వదిలేసి రబ్బర్లు, క్లియరెన్స్, కంప్రెషన్ చూడాలి. స్క్రూ ఎంత వదులు చేసినా అంకె కదలకపోతే బైపాస్ దారి మసితో మూసుకుపోయిందేమో చూడండి. అంకెలన్నీ చక్కగా కలిశాక కూడా బండి వణుకుతుంటే ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ వైపు వెతకండి. గాలి సమంగా పోయినంత మాత్రాన మంట సమంగా అంటుకోవాలని లేదు.

మూసేటప్పుడు

ఇంజిన్ ఆపాకే పైపులు తీయండి. ప్రతి నిపుల్ మీదా రబ్బరు క్యాప్ తిరిగి పెట్టాలి. ఒకసారి ట్యాంక్ బిగించి, సీటు వేసి, స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ 2000 దగ్గర అరుస్తోంది. అరగంట తల గోక్కున్నాను. చివరికి చూస్తే ఒక క్యాప్ నా చొక్కా జేబులోనే ఉంది. అప్పటినుంచి క్యాప్‌లను లెక్కపెట్టి ఒక గిన్నెలో వేస్తున్నాను, గిన్నె ఖాళీ అయ్యేదాకా ట్యాంక్ దించను. బిరుసెక్కిన క్యాప్ అయితే కొత్తది వేయండి.

మ్యాప్ సెన్సర్ పైపులు, ట్యాంక్ కింది బ్రీదర్ పైపులు నలగకుండా ఉన్నాయో లేదో చూసి ట్యాంక్ దించండి. పెట్రోల్ చెమ్మ ఎక్కడైనా కనిపిస్తుందేమో టార్చ్ వేసి చూశాకే బండి బయటికి తీయండి. హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పి ఐడ్లింగ్ మారడం లేదని నిర్ధారించుకుని, రెండో గేరులో నెమ్మదిగా ఓ చుట్టు తిరిగి రండి. ఆ కుదుపు పోయిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

చివరి అంకెలూ, ఒక్కో స్క్రూ ఎన్ని తిప్పుల దగ్గర ఆగిందీ, అప్పటి కిలోమీటర్లూ రాసిపెట్టుకోండి. చాలా మాన్యువళ్లు 10,000 నుంచి 12,000 కిలోమీటర్లకోసారి చూడమంటాయి. ఆ వేళకి ఏ సిలిండర్ ఎంత జరిగిందో పాత కాగితం పక్కన పెట్టి చూడొచ్చు. ప్రతిసారీ ఒకే సిలిండర్ అంకె కిందికి జారుతుంటే ఈసారి స్క్రూడ్రైవర్ కన్నా ముందు వాల్వ్ క్లియరెన్స్ కొలిచే ఫీలర్ గేజ్ తీయండి.